అనంతపురం ఎండల్లో మిద్దె మీద కొత్తిమీర, పుదీనా, కరివేపాకు పెంచాలంటే

బెంగళూరులో ఎవరో బాల్కనీలో కొత్తిమీర పెంచిన వీడియో చూసి, అదే పద్ధతిలో మనం ఏప్రిల్‌లో అనంతపురం మిద్దె మీద ధనియాలు చల్లితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మొలకే రాదు, వచ్చినా వారం తిరక్కముందే వాడిపోతుంది, ఆ తర్వాత "మన చేతికి మొక్కలు రావులే" అని కుండీలు మూలన పడేస్తాం. చేతిలో ఏ లోపమూ లేదు. మన దగ్గర అసలు ఇబ్బందులు వేరే: కుండీలో వేరు ఉడికిపోవడం, బోరు నీళ్లలో ఉప్పు, ఆషాఢం గాలి. ముందు వీటి సంగతి చూసుకుంటే కర్నూలులోనైనా కడపలోనైనా వంటకు కావలసిన ఆకు చాలావరకు ఇంట్లోనే వస్తుంది. ఎరువులూ మందులూ తర్వాతి మాట.

కుండీ ఏదైనా పర్వాలేదు, కానీ దాన్ని స్లాబు మీద నేరుగా పెట్టొద్దు. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద చెప్పులు లేకుండా నిలబడలేం, ఆ వేడంతా కుండీ అడుగు నుంచి మట్టిలోకి ఎక్కుతుంది. నాలుగు ఇటుకలు పెట్టి వాటి మీద కుండీ పెడితే కింద గాలి ఆడుతుంది, అడుగు రంధ్రాల నుంచి నీళ్లూ సులువుగా పోతాయి. నల్ల గ్రోబ్యాగులు చవకే గానీ మన ఎండకు అవి బాగా కాగిపోతాయి, కొంటే తెల్లవి కొనండి. నన్నడిగితే మెంతికూరకు, కొత్తిమీరకు థర్మకోల్ పెట్టెను మించింది లేదు. మందుల షాపుల్లోనో చేపల అంగట్లోనో అడిగితే పాతవి దొరుకుతాయి, బాగా కడిగి అడుగున ఏడెనిమిది రంధ్రాలు పొడవండి. చూడ్డానికి అందంగా ఉండదు, కానీ బయటి వేడి మట్టికి తొందరగా తగలదు. ఇరవై లీటర్ల పెయింటు బకెట్లు కరివేపాకుకు సరిపోతాయి, పెయింటు ఆనవాలు లేకుండా గీకి కడగాలి. మట్టి కుండీలో వేరు చల్లగా ఉంటుంది నిజమే, అయితే తడి అంతే తొందరగా ఆరిపోతుంది కాబట్టి ఎండాకాలంలో రెండు పూటలా నీళ్లు పోసే ఓపిక ఉంటేనే వాటి జోలికి వెళ్లండి.

ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. మెట్ల గదికి తూర్పు పక్కన జాగా ఉంటే అదే మంచి చోటు, పొద్దున ఎండ తగులుతుంది, మధ్యాహ్నం దాటాక గోడ నీడ పడుతుంది. అలాంటి చోటు లేకపోతే ఎండను సగం ఆపే 50 శాతం షేడ్‌నెట్ కట్టుకోవాలి. కట్టేటప్పుడు గాలిని గుర్తుపెట్టుకోండి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా, జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి నెట్‌ను చింపేదాకా వదలదు. ఆ మూడు నెలలు నెట్ తీసేసినా నష్టం లేదు, మబ్బు పట్టి ఎండ ఎలాగూ తగ్గుతుంది. కుండీలను మాత్రం పడమటి పిట్టగోడ వెనక కింద పెట్టండి. పిట్టగోడ పైన వరసగా పేర్చడం ఫోటోకు బాగుంటుంది, గాలికి కిందపడితే వీధిలో పోయేవాళ్ల తల పగులుతుంది.

మట్టికి పెద్ద లెక్కలేం వద్దు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పైన ఒక గుప్పెడు వేపపిండి. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, నానబెట్టి రెండుసార్లు నీళ్లు పిండేసి వాడండి. కర్నూలు వైపు, తాడిపత్రి వైపు ఇంటి దగ్గర నల్లరేగడే దొరుకుతుంది, అది పొలానికి బంగారమేమో గానీ కుండీలో ఒంటిగా వేస్తే తడిసినప్పుడు జిగురు, ఆరితే నెర్రెలు. అదే గతి అయితే సగానికి సగం ఇసుక కలపండి. ఎరువు పచ్చిగా, పేడ వాసన వస్తూ ఉంటే వేయొద్దు, వేళ్లు మాడతాయి, వేరు పురుగూ చెదలూ దాంతోనే వస్తాయి. మట్టి నింపి మొక్క కుదురుకున్నాక పైన రెండు వేళ్ల మందం చెనిక్కాయ పొట్టు పరవండి. మిల్లులో అడిగితే సంచి నిండా ఇస్తారు. మన జిల్లాలో దానికి కరువు లేదు, తడి ఆరకుండా కాపాడటానికి ఇంతకంటే చవకైనది నాకు కనపడలేదు.

ఇక నీళ్లు. ఎక్కువ కుండీలు చచ్చేది ఇక్కడే, అదీ నీళ్లు పోయక కాదు, పోసిన నీళ్ల వల్ల. కుండీ అంచున, మట్టి పైన తెల్లగా పొర కడుతోందా? అది బోరు నీళ్లలోని ఉప్పు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మట్టిలోనే ఉండిపోయి పేరుకుంటుంది, ఆకుల కొసలు మాడటం మొదలవుతుంది, మనమేమో నీళ్లు చాలలేదనుకుని ఇంకా అవే నీళ్లు పోస్తాం. మున్సిపల్ కుళాయి నీళ్లు వచ్చే ఇళ్లవాళ్లు అవి పట్టి వాడుకోండి. బోరు ఒక్కటే దిక్కయితే నెలకోసారి, అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేదాకా నిండుగా నీళ్లు పోసి కడిగేయాలి, అందులో కొంత ఉప్పు బయటికి పోతుంది. వాన పడిన రోజు ఆ పని వానే చేస్తుంది, అందుకే చినుకులు మొదలైతే కుండీలను లోపలికి జరపకండి.

చాలామంది పొదుపు అనుకుని చేసే పని ఒకటుంది, వాటర్ ఫిల్టర్ నుంచి బయటికి వదిలేసే నీళ్లు బకెట్లో పట్టి మొక్కలకు పోయడం. ఆర్‌ఓ మిషను మంచినీళ్లను ఒక పక్కకు తీసి, ఉప్పంతా రెండో పక్క నీళ్లలోకి తోస్తుంది. అంటే మీరు పోసేది బోరు నీళ్లకంటే ఉప్పగా ఉన్న నీళ్లు. వాటితో మిద్దె కడుక్కోండి, మొక్కలకు వద్దు. కూలర్ అడుగున మిగిలిన నీళ్లదీ అదే కథ. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు మాత్రం దాదాపు ఉప్పు లేనివి, అవి దాచుకోండి. వాన నీళ్లు దాచుకుంటే ఇంకా మేలు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, అయినా లెక్క వేసి చూడండి, 100 చదరపు అడుగుల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 90 లీటర్లకు పైనే వస్తాయి. మూత ఉన్న డ్రమ్ము ఒకటి చాలు. మూత తప్పనిసరి, లేదంటే దోమలు.

పోయాల్సింది పొద్దున్నే, ఎండెక్కకముందు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం కూడా, స్లాబు చల్లారాక. మధ్యాహ్నం మొక్క వాలిపోయిందని జాలిపడి సింటెక్స్ ట్యాంకు పైపు విప్పారంటే అందులోంచి వచ్చేది దాదాపు వేడినీళ్లు. సాయంత్రమైనా పైపులో నిలిచిన నీళ్లు ముందు బకెట్లోకి వదిలి, చెయ్యి పెట్టి చూసి తర్వాత పోయండి. వేలు ఒక కణుపు లోతు మట్టిలో పెట్టినప్పుడు తడి తగిలితే ఆ పూటకు అవసరం లేదు.

అన్నింటికన్నా ఆశ ఎక్కువ, ఓటమి ఎక్కువ కొత్తిమీరతోనే. అది చల్లదనం మొక్క. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర కళ్లు మూసుకుని చల్లినా వస్తుంది. వానాకాలంలో కొంచెం నీడన పర్వాలేదు. మార్చి సగం దాటాక చల్లితే, మొలిచిన కాస్తా ఆకు పెరగకుండా సన్నటి కాడ లేచి పూతకు పోతుంది, అది మొక్క తప్పు కాదు, వేడికి దాని స్వభావమే అంత. ధనియాలు కిరాణా అంగడివే చాలు, కాకపోతే కొత్తవి కావాలి, నలిపితే ఘాటుగా వాసన రావాలి. ఒక్కో ధనియంలో రెండు విత్తనాలుంటాయి కాబట్టి చపాతీ కర్రతో మెల్లగా ఒత్తి రెండుగా చీల్చండి, పిండి చేయొద్దు. రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతులో వేసి, పైన తడి గోనెసంచి కప్పండి. వారం, పది రోజులకు మొలక కనపడుతుంది, కనపడిన రోజే గోనె తీసేయాలి, ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి సాగుతాయి. పెట్టె కనీసం ఆరు అంగుళాల లోతు ఉండాలి, దీని తల్లివేరు కిందికి దిగుతుంది. అందుకే నారు పీకి వేరేచోట నాటితే బతకదు, ఎక్కడ పెరగాలో అక్కడే చల్లండి. నెలా పది రోజులకు కోతకు వస్తుంది. ఒకేసారి నాలుగు పెట్టెలు చల్లేస్తే నాలుగూ ఒకేసారి కోతకొస్తాయి, అంత కొత్తిమీర ఎవరు తింటారు? రెండు వారాలకొక పెట్టె చల్లుతూ పోండి.

మరి మేలో కట్ట ధర మండిపోయేటప్పుడో? అప్పుడు పెద్ద కొత్తిమీర మీద ఆశ వదులుకుని, ఇంటి లోపల వెలుతురున్న కిటికీ దగ్గర ఒత్తుగా చల్లి, జానెడు కూడా కాకముందే లేతగా కోసుకోండి. ఉగ్గాని పైన చల్లుకోడానికి అది చాలు.

మెంతికూర గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వంటింటి మెంతులు రాత్రి నానబెట్టి చల్లితే నాలుగు రోజుల్లో మొలుస్తుంది, మూడు, నాలుగు వారాల్లో పప్పులోకి వస్తుంది. మొదటిసారి పెంచేవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి, ధైర్యం వస్తుంది.

పుదీనాకు విత్తనం జోలికి పోవద్దు. మార్కెట్లో తెచ్చిన కట్టలోంచి గట్టి కాడలు నాలుగైదు తీసి, కింది ఆకులు తుంచి, గ్లాసు నీళ్లలో పెట్టి రోజూ నీళ్లు మార్చండి. వారం, పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్ల వేళ్లు వస్తాయి, అప్పుడు నాటండి. పుదీనా పక్కకు పాకే మొక్క, కాబట్టి లోతు కుండీకంటే వెడల్పు తొట్టి మేలు. ఇంకో మొక్కతో కలిపి పెట్టారంటే ఆ రెండోదాన్ని మింగేస్తుంది. దీనికి నీడ కావాలి, తడి ఆరకూడదు. కోసేటప్పుడు ఆకులు ఒక్కొక్కటే గిల్లకుండా కణుపు పైన కాడ కత్తిరిస్తే రెండు కొమ్మలుగా చీలుతుంది. ఏడాది తిరిగేసరికి తొట్టి నిండా వేళ్లు అల్లుకుని ఆకు చిన్నదైపోతుంది, అప్పుడు మొత్తం పెరికి కొత్త మట్టిలో నాలుగు కాడలు మళ్లీ పాతాలి. ఎండాకాలంలో ఆకుల మీద సన్నటి తెల్ల చుక్కలు, అడుగున సాలెగూడులాంటి పొర కనపడితే అది ఎర్రనల్లి. ఆకుల అడుగుకు తగిలేలా రెండు, మూడు రోజులకోసారి నీళ్లు గట్టిగా చిమ్మితే చాలావరకు పోతుంది.

కరివేపాకు మాత్రం ఓర్పు అడిగే మొక్క. నర్సరీలో అడుగెత్తు మొక్క కొని, ముందు పది అంగుళాల కుండీలో, ఏడాది తర్వాత పెద్ద బకెట్లో పెట్టండి. దీనికి ఎండ భయం లేదు, నీడలో పెడితేనే ఎదగదు. మోకాలెత్తు రాగానే చిగురు గిల్లేయండి, పక్క కొమ్మలొస్తాయి, పూత వస్తే తుంచేయండి. డిసెంబరు, జనవరిలో ఎదుగుదల ఆగిపోతుంది, కంగారుపడి నీళ్లు ఎక్కువ పోయకండి. మన వైపు దీనికొచ్చే అసలు జబ్బు, కొత్త ఆకు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగలడం. ఎరువు తక్కువై కాదు, సున్నం ఎక్కువున్న మట్టీ నీళ్లూ ఇనుమును మొక్కకు అందనివ్వవు. చెనిక్కాయ పైరు పసుపెక్కితే రైతులు కొట్టేదే ఇక్కడా కొట్టాలి: లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), సాయంత్రం పూట ఆకులు తడిసేలా, వారానికోసారి రెండు, మూడు వారాలు. అప్పటికప్పుడు కలుపుకోవాలి, నిల్వ ఉంచితే పనిచేయదు. కొట్టిన వారం ఆ ఆకు కోయకండి. పులిసిన మజ్జిగ పొయ్యమని ప్రతి ఇంట్లో పెద్దమ్మలు చెబుతారు, బాగా పలచన చేసి అప్పుడప్పుడు పోస్తే నష్టం లేదు, అయితే ఇంత పసుపెక్కిన మొక్కను మజ్జిగ ఒక్కటే కాపాడలేదు. వానాకాలంలో ఆకు మీద పిట్ట రెట్టలా ఏదైనా కనపడితే కర్రతో కదిపి చూడండి, అది గొంగళిపురుగు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారి రెండు రోజుల్లో కొమ్మ ఖాళీ చేస్తుంది. చేత్తో ఏరేయడమే, మందు అక్కర్లేదు.

వామాకు ఒక కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతుంది, నీళ్లు ఎక్కువైతేనే చస్తుంది. తులసికి దగ్గర చుట్టం ఇంకోటుంది, షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలు. వాటిని మట్టిపైన చల్లి కాస్త తడి పెడితే వచ్చేది పిజ్జాల మీద వేసే బేసిల్ జాతి మొక్కే, రుచిలో కొంత తేడా ఉంటుంది గానీ పిల్లలు పాస్తా అడిగినప్పుడు పనికొస్తుంది.

చలికాలంలో కొత్తిమీరకు పేనుబంక (రసం పీల్చే సన్నటి పురుగులు) పడితే లీటరు నీళ్లకు 3 నుంచి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి, వారం ఆగి, కడిగి వాడండి. ఆకు చిన్నబోతోందనిపిస్తే ఒక గుప్పెడు చెనిక్కాయ చెక్క రెండు రోజులు నానబెట్టి, పదింతలు నీళ్లు కలిపి, నెలకోసారి కుదురులో పోయండి. వాసన భరించాలి, చీమలు కూడా వస్తాయి, అందుకే వంటింటి కిటికీ దగ్గర వద్దు.

ఊరెళ్లాల్సి వస్తే, రెండు మూడు రోజులే అయితే కుండీలన్నీ నీడలో ఒకదానికొకటి ఆనేలా చేర్చి, నిండా నీళ్లు పోసి, చుట్టూ తడి గోనెసంచులు కప్పి వెళ్లండి. వారం అయితే పుదీనా, కొత్తిమీర కోసి ఫ్రిజ్‌లో పెట్టేసి, కరివేపాకు పక్కన నీళ్ల బకెట్ ఎత్తుగా పెట్టి, అందులోంచి కుండీ మట్టిలోకి పాత నూలు చీర పేలిక ఒకటి వేలాడదీయండి, తడి మెల్లగా దిగుతుంది. వామాకును ఏమీ చేయక్కర్లేదు.