బంతి ఎప్పుడు పంచాలి, ఎప్పుడు ఒకడికి వదలాలి

పర్లాకిమిడిలో మా సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టుకు వచ్చే కుర్రాళ్లలో కొందరి ఇంట్లో తెలుగు, కొందరి ఇంట్లో ఒడియా. ఆదివారం పాతపట్నం నుంచి ఇంకొందరు దిగుతారు. అమెరికా లీగ్ ఎన్‌బీఏ వీడియోలు చూసొచ్చి అందరూ ఒకటే వాదన: టీమ్ ఆట గొప్పదా, ఒక్కడే షాట్ సృష్టించుకోవడం గొప్పదా? నేను షాట్ క్లాక్, అంటే బంతి దొరికాక షాట్ వేయడానికి ఉండే గడువు, చూడమంటాను. 24 సెకన్లలో మొదటి పదహారు టీమువి, మిగిలిన ఎనిమిది ఒకడివి. మా కోర్టులో క్లాక్ లేదు. బయట కూర్చున్నవాడు ఫోన్ చూస్తూ "ఎనిమిది!" అని అరుస్తాడు.

ముందు ఆ పదహారు నేర్పండి. సగం కోర్టులో ముగ్గురి మీద ముగ్గురిని ఆడించండి, డ్రిబుల్ పూర్తిగా బంద్. పాస్ ఇచ్చినవాడు చూస్తూ నిలబడకూడదు. బాస్కెట్ వైపు దూసుకుపోవాలి, లేదా పక్కవాడికి స్క్రీన్ వేయాలి, అంటే వాడి డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడాలి. కొత్తలో అందరూ విసుక్కుంటారు, పట్టించుకోకండి. 2014 ఫైనల్స్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ మయామి హీట్‌ను 4-1తో ఓడించిన ఆటలు చూపించండి. బంతిని కాదు, బంతి లేని నలుగురిని గమనించమనండి. స్క్రీన్ వచ్చినప్పుడు అరిచే మాటలు అందరికీ ఒకటే ఉండాలి. మాకు లెఫ్ట్, రైట్, స్విచ్ కుదిరాయి.

అయితే గట్టి డిఫెన్స్ ప్రతి స్క్రీన్‌కూ కాపలా కాసే మనిషిని మార్చేసుకుంటుంది, అదే స్విచ్. ఎన్ని పాస్‌లు తిప్పినా ఖాళీ దొరకదు. అప్పుడు ఒకడు కావాలి. 2016 ఫైనల్స్ ఏడో ఆటలో 89-89 దగ్గర, నిమిషం లోపే మిగిలుండగా, క్లీవ్‌లాండ్ ఆటగాడు కైరీ అర్వింగ్ ప్రత్యర్థి స్టెఫెన్ కర్రీ మీదుగా త్రీ (మూడు పాయింట్ల షాట్) వేశాడు. క్లీవ్‌లాండ్ 93-89తో గెలిచింది. కుర్రాళ్లకు ఆ షాటే గుర్తుంటుంది. దానికి ముందు స్క్రీన్ వేసి, కర్రీనే అర్వింగ్‌కు కాపలా వచ్చేలా చేసిన సంగతి ఎవరూ చెప్పరు!

ఆ ఒకడు ఎవరు? "సార్, నేను" అని చెయ్యెత్తేవాడు కాదు. ఆట చివర్లో, కాళ్లు బరువెక్కాక, ఒకరి మీద ఒకరిని ఆడించండి. మూడు డ్రిబుల్స్, ఆరు సెకన్లు. ఖాళీ తెచ్చుకుని బ్యాలెన్స్ తప్పకుండా వేసేవాడెవడో వాళ్లకే తెలిసిపోతుంది. (మా వాడు ఎన్ని పాయింట్లు కొట్టాడని అడిగే నాన్నగార్లకు ఎన్ని పాస్‌లు ఇచ్చాడో కూడా చెప్పండి.)

వాడికి ఇంకొకటి నేర్పాలి: రెండో డిఫెండర్ మీదికొస్తే వదిలేయడం. 1997 ఫైనల్స్ ఆరో ఆటలో స్కోరు 86-86. ప్రత్యర్థి డిఫెండర్ స్టాక్‌టన్ తాను కాపలా కాస్తున్న స్టీవ్ కెర్‌ను వదిలి మైకేల్ జోర్డాన్ మీదికి వెళ్లాడు. జోర్డాన్ బంతిని తన టీమువాడైన ఆ కెర్‌కే ఇచ్చాడు, కెర్ వేసేశాడు. అంత జోర్డానే ఇచ్చాడంటే మన గజపతి జిల్లా హీరోలకు అభ్యంతరం ఉండకూడదు.

మిగతా నలుగురికీ పనులు పంచండి. ఇద్దరు రెండు కార్నర్లలో, చేతులు సిద్ధంగా. పొడుగువాడు బాస్కెట్ కింద రీబౌండ్‌కు, అంటే తప్పిన షాట్ బంతి అందుకోవడానికి. ఒకడు వెనక్కి, ఎదురుదాడి ఆపడానికి. షాట్ రింగుకు తగిలి మనకే రీబౌండ్ దొరికితే క్లాక్ 14కు వస్తుంది. మళ్లీ "ఎనిమిది!" వినిపించేదాకా పాస్‌లే.