పాత కారు మైలేజ్ పడిపోతే – 3వ పాఠం: సైలెన్సర్ వాసన

గత పాఠంలో ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ దాకా లెక్క కట్టి అసలు మైలేజ్ ఎంతో తేల్చుకున్నాం. టైర్లలో గాలి, పట్టేసిన బ్రేకులు కూడా చూశాం. అవన్నీ బాగున్నా బండి పెట్రోల్ తాగేస్తోందంటే ఇక ఇంజన్ సంగతి చూడాల్సిందే. ఈ పాఠం ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ కార్లకే. కార్బురేటర్ బండ్ల దారి వేరు.

బండిని ఆరుబయట పెట్టి స్టార్ట్ చేయండి, మూసిన షెడ్డులో వద్దు. ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్‌కి అసలు వాసనే ఉండదు. ముక్కు సైలెన్సర్ దగ్గర పెట్టక్కర్లేదు, రెండు మూడు అడుగుల దూరం చాలు.

చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే కాస్త పెట్రోల్ వాసన వస్తే కంగారు పడకండి. అప్పుడు ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) కావాలనే ఎక్కువ పెట్రోల్ పంపుతుంది. పైగా పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ సుమారు 250–300 డిగ్రీలు వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. అందుకే ఓ 20 నిమిషాలు నడిపాక వచ్చే వాసనే లెక్కలోకి తీసుకోండి.

అప్పటికీ పెట్రోల్ వాసన కొడుతోందా? చాలామంది వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. నా దృష్టిలో అది తొందరపాటు. ఆ సెన్సర్ పెట్రోల్‌ని కొలవదు, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని మాత్రమే చూస్తుంది. ఒక స్పార్క్ ప్లగ్ సరిగ్గా మండించలేదనుకోండి. ఆ సిలిండర్‌లోని పెట్రోలూ, గాలీ రెండూ వాడకుండానే బయటికి వచ్చేస్తాయి. సెన్సర్‌కి ఆక్సిజన్ ఎక్కువగా కనిపిస్తుంది. 'పెట్రోల్ తక్కువైంది' అని ఈసీయూ ఇంకా పోస్తుంది. వాసన పెరుగుతుంది, మైలేజ్ పడుతుంది, సెన్సర్ తప్పేమీ లేదు. ఇలాంటప్పుడు ఐడిలింగ్‌లో ఇంజన్ కుదుపు తెలుస్తుంది. అలాగే ఎక్కువ రోజులు నడిపితే, మండని పెట్రోల్ కన్వర్టర్‌లో మండి దాన్నే కరిగించేస్తుంది. సెన్సర్‌కి ముందు సైలెన్సర్ పైపు లీకైనా బయటి గాలి లోపలికి వెళ్లి ఇదే గందరగోళం చేస్తుంది.

ఈసీయూ లెక్కలు చూపించే స్కానర్ ఉంటే అందులో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, అంటే ఈసీయూ పెట్రోల్‌లో చేస్తున్న సర్దుబాటు. ప్లస్ అంటే ఈసీయూ పెట్రోల్ పెంచుతోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది. పెట్రోల్ వాసనతో పాటు ట్రిమ్ మైనస్ 10 శాతం దాటిందంటే ఎక్కడి నుంచో నిజంగానే ఎక్కువ పెట్రోల్ వస్తోంది: పెట్రోల్ చల్లే ఇంజెక్టర్ లీకవుతుండొచ్చు, లేదా పెట్రోల్ ఒత్తిడిని అదుపులో ఉంచే ప్రెజర్ రెగ్యులేటర్ పాడై ఉండొచ్చు. రెగ్యులేటర్‌కి వాక్యూమ్ గొట్టం ఉన్న బండైతే ఇంజన్ ఆపి, చల్లారాక ఆ గొట్టం ఊడదీయండి. లోపల పెట్రోల్ తడి ఉంటే దొంగ దొరికినట్టే. ట్రిమ్ ప్లస్‌లో ఉండి వాసన వస్తుంటే పై పేరాకి తిరిగి వెళ్లండి. అక్కడ ఏమీ దొరక్కపోతే అప్పుడు సెన్సర్‌ని అనుమానించవచ్చు.

ఎవరూ పట్టించుకోనిది థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి వెళ్లనివ్వని వాల్వ్. అది తెరుచుకుని ఉండిపోతే ఇంజన్ ఎంత నడిచినా పూర్తిగా వేడెక్కదు, ఈసీయూ అవసరానికి మించి పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. హైవే మీద టెంపరేచర్ ముల్లు కిందికి దిగుతుంటే దీన్నే అనుమానించండి.

మిగతా వాసనల గురించి క్లుప్తంగా. కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. పెట్రోల్‌లోని గంధకం, మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువైనప్పుడు, కన్వర్టర్‌లో అలా మారుతుంది. ముందు పెట్రోల్ ఎందుకు ఎక్కువైందో చూడండి, కన్వర్టర్ మార్చే మాట తర్వాత. అదే వాసన బానెట్ వైపు నుంచి వస్తే మాత్రం బ్యాటరీ ఓవర్‌చార్జ్ అవుతోందేమో చూడాలి. నీలి పొగతో మాడిన నూనె వాసన అంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది. తియ్యటి వాసన, ఆగని తెల్ల పొగ, తగ్గిపోతున్న కూలెంట్ మూడూ కలిస్తే హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ, పై హెడ్‌కీ మధ్య ఉండే సీల్) మీద అనుమానం. బండి ఆపేసి మెకానిక్‌ని పిలవండి, వేడి మీద రేడియేటర్ మూత తీయకండి.

వచ్చే పాఠానికి ఒక పని. రాత్రంతా నిలిపి ఉంచిన బండికి పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే, స్కానర్‌లో కూలెంట్ టెంపరేచర్, లోపలికి వచ్చే గాలి టెంపరేచర్ రాసుకోండి. రెండూ దాదాపు ఒకటే ఉండాలి. పది పదిహేను డిగ్రీల తేడా ఉంటే ఏదో ఒక సెన్సర్ అబద్ధం చెబుతోంది. 20 నిమిషాలు నడిపాక కూలెంట్ టెంపరేచర్, ట్రిమ్ మళ్లీ రాయండి. వచ్చే పాఠంలో ప్లగ్‌లు విప్పుదాం, ఆ కాగితం పక్కనే పెట్టుకుని.