ఇంగ్లీష్ క్లాస్‌లో మన అఆలు ఎలా వాడుకోవాలంటే

ఈ సంవత్సరం మన సైడ్ నుంచి చెన్నైలో డిగ్రీకి జాయిన్ అవుతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నా, ముఖ్యంగా టెన్త్ దాకా తెలుగు మీడియం చదివి ఫస్ట్ ఇయర్ ఇంగ్లీష్ క్లాస్ అనగానే కొంచెం గుబులు పడే వాళ్ళకి. నేను బీకాం సెకండ్ ఇయర్. సూళ్ళూరుపేట నుంచి రోజూ లోకల్ ట్రైన్‌లోనే వస్తా, పోను రెండు గంటలు రాను రెండు గంటలు. తడ దాటినాక గుమ్మిడిపూండి దాకా మా బోగీలో కాస్త చోటు ఉంటది, ఇంగ్లీష్ నోట్స్ తీసేది అప్పుడే.

మా క్లాస్‌లో రోజూ జరిగేది ఏంటంటే మేడం లెసన్ తీస్తారు, ఒక్కొక్కళ్ళు లేచి ఒక పేరా పైకి చదవాలి. చాలామంది తమకి వచ్చే పేరా ఏదో వేళ్ళ మీద లెక్కేసుకొని, అదొక్కటే లోపల నాలుగుసార్లు చదువుకుంటూ కూర్చుంటారు. అది మాత్రం చెయ్యొద్దు ప్లీజ్. పక్కవాళ్ళు చదివేటప్పుడు మేడం ఆపి సరిచేసే మాటలు ఉంటాయి చూడండి, ఆ గంటలో అసలు పాఠం అదే. పెన్సిల్ పట్టుకొని, మేడం పలికింది పలికినట్టు మార్జిన్‌లో తెలుగులో రాసేసుకోండి. స్పెల్లింగ్ చూసి కాదు, చెవితో విని. వెడ్నెస్‌డే కాదు, వెన్జ్‌డే. రిసీప్ట్ కాదు, రిసీట్. లిసన్‌లో టీ పలకదు.

ఇంగ్లీష్‌ని తెలుగులో రాసుకోవడం తప్పని చిన్నప్పుడు ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. నేను ఒప్పుకోను. మన లిపిలో ఎలా వినపడితే అలా రాసెయ్యొచ్చు, అంత వీలు ఇంగ్లీష్ స్పెల్లింగ్‌కి లేదు, అలాంటి సాధనం చేతిలో పెట్టుకొని ఎందుకు వదిలెయ్యాలి చెప్పండి.

మొదట ఎ, యాన్ సంగతి, ఎందుకంటే మార్కులు పోయేది ఇక్కడే. మాటని తెలుగులో రాయండి, మొదటి అక్షరం అచ్చు అయితే యాన్, హల్లు అయితే ఎ, అంతే. అవర్ అని రాస్తే అ అచ్చు, కాబట్టి యాన్ అవర్, స్పెల్లింగ్‌లో హెచ్ ఉన్నా సరే. యూనివర్సిటీలో య హల్లు, కాబట్టి ఎ యూనివర్సిటీ. ఎమ్మెల్యేకి యాన్, ఎక్స్‌రేకి యాన్, యూపీఐ పేమెంట్‌కి ఎ, వన్‌వేకి ఎ. మా బెంచీలో నలుగురం దీన్ని ఆటలాగా ఆడతాం, క్యాంటీన్ బోర్డు మీద ఏముంటే దానికి ఎ నా యాన్ నా అని.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. యాపిల్, యాక్టర్, యాడ్ అని మనం య పెట్టి రాస్తాం కానీ అది నిజం య కాదు, ఆ ఇంగ్లీష్ అచ్చుకి మన దగ్గర అక్షరం లేక అలా సర్దుకున్నాం, కాబట్టి యాన్ యాపిలే. ఇంకోటి మన నోటి అలవాటు, ఎగ్జామ్‌ని యెగ్జామ్ అంటాం, ఓపెన్‌ని వోపెన్ అంటాం, మాట మొదట్లో ఎ ఓ వస్తే మనకి తెలీకుండానే య గానీ వ గానీ వచ్చి చేరిపోద్ది. అట్లాగే రాసుకున్నారంటే ఎ ఎగ్జామ్ అని తప్పు రాస్తారు. దీనికి మంచి ప్రాక్టీస్ చెవిని, సంవత్సరాన్ని పక్కపక్కన పెట్టి పలకడం. రెండిటినీ మనం ఇయర్ అనే రాస్తాం, కానీ చెవి ఇయర్, సంవత్సరం మాత్రం యియర్. అందుకే యాన్ ఇయర్ అంటే చెవి, ఎ ఇయర్ అంటే సంవత్సరం. ఇది పట్టుబడటానికి నాకు వారం పట్టింది, ఎన్నూర్ నుంచి కొరుక్కుపేట దాకా పెదాలు కదిలిస్తూ అదే పని.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైంది చెప్తా. హైస్కూల్లో సంధులకి పరుషాలు సరళాలు చదివాం గుర్తుందా, క చ ట త ప పరుషాలు, గ జ డ ద బ సరళాలు. ఆ లెక్క ఇంగ్లీష్‌లో కూడా పనికొస్తది అబ్బయ్యా! పాస్ట్ టెన్స్‌లో చివర వచ్చే ఈడీ ఉంది కదా, దాన్ని అన్నిచోట్లా ఎడ్ అని చదివేస్తాం, వాకెడ్, హెల్పెడ్ అని. అట్లా కాదు. క, ప లాంటి పరుషం తర్వాత అది ట్ అవుద్ది, వాక్ట్, హెల్ప్ట్, స ష ఫ కూడా ఈ గుంపే, వాష్ట్. సరళం తర్వాత డ్, బెగ్డ్, రబ్డ్, అచ్చులూ న మ ర ల లాంటివీ కూడా ఇటే, ప్లేడ్, కాల్డ్. మాట చివర ముందే ట్ గానీ డ్ గానీ ఉంటే అప్పుడు మాత్రమే ఇడ్, వాంటిడ్, నీడిడ్. వికిడ్ లాంటివి ఒకటీ అరా దీనికి లొంగవు, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. బహువచనం ఎస్ కూడా ఇదే దారి, బుక్ చివర పరుషం కాబట్టి బుక్స్, బ్యాగ్ చివర సరళం కాబట్టి బ్యాగ్జ్, పెన్ కి పెన్జ్, స ష చ జ తర్వాత ఇజ్, బసిజ్, క్లాసిజ్. గొంతు మీద రెండు వేళ్ళు పెట్టుకొని స్ అనండి, తర్వాత జెడ్ శబ్దం అనండి, రెండోదానికి వేళ్ళ కింద గరగరమని తెలుస్తది. ఆ గరగర ముందు అక్షరంలో ఉంటే చివర్న కూడా ఉంటది, గుట్టు అంతే.

జెడ్ అన్నా కాబట్టి, దానికి మనకి అక్షరం లేదు, జ తోనే నెట్టుకొస్తున్నాం. జీప్ అన్నప్పుడు నాలుక పైన అంటుకొని వదులుతుంది, జిప్ అన్నప్పుడు అంటకూడదు, తుమ్మెద రొదలాగా గాలి పోతానే ఉండాలి. నా పక్కన కూర్చునేవాడు తమిళ మీడియం, వాళ్ళ లిపిలో ప కి బ కి ఒకటే అక్షరం, నా మార్జిన్ చూసి "మచ్చా, మీకు బ వేరే అక్షరమా, హాయిగా ఉంది రా" అన్నాడు. కానీ వాడి దగ్గర ఒక మంచి వస్తువు ఉంది, ఆయుదం అనే మూడు చుక్కల అక్షరం, ఎఫ్ రాయాలంటే ప ముందు అది పెడతారు. ఆ మూడు చుక్కలు వాడి దగ్గర అడిగి తీసుకొని నేను జ మీద పెట్టుకున్నా, చుక్కలుంటే జిప్, లేకపోతే జీప్. మీరు కూడా ఏదో ఒక గుర్తు పెట్టుకోండి. వ కి కూడా అంతే, వైన్ లో వ కి పెదాలు గుండ్రంగా చుట్టాలి, వ్యాన్ లో వ కి పైపళ్ళు కింది పెదవికి తగలాలి, గుండ్రం వ చుట్టూ నేను సున్నా చుడతా.

ఏ సిలబుల్‌ని ఒత్తి పలకాలో కూడా చూస్కోండి, ఫోటోగ్రాఫ్‌లో మొదటిది, ఫొటాగ్రఫర్‌లో రెండోది. ఒత్తే చోట కింద గీత పెడితే చాలు.

అర్థం కాకపోతే లేచి అడగండి. ఒకరోజు నేను "మేడం, డౌట్ లో బి ఎందుకు, పలకం కదా" అని అడిగా. క్లాస్ మొత్తం నవ్వారు, మేడం కూడా నవ్వి పుస్తకం మూసి మిగతా పీరియడ్ అంతా దాని మీదే చెప్పారు. డౌట్, డెట్ రెండూ ఫ్రెంచ్ నుంచి బి లేకుండానే వచ్చాయంట, తర్వాత పండితులు వాటి లాటిన్ మూలాల్లో బి ఉందని గుర్తుచేసుకొని స్పెల్లింగ్‌లో ఇరికించారు. నైఫ్ లో కె మాత్రం ఒకప్పుడు నిజంగానే పలికేవాళ్ళు. 1476లో కాక్స్టన్ అనే ఆయన ఇంగ్లాండ్‌లో ప్రింటింగ్ ప్రెస్ పెట్టాక అచ్చులో స్పెల్లింగులు మెల్లగా స్థిరపడ్డాయి, నోట్లో పలుకుబడి మాత్రం మారుతానే పోయింది. ఆ రోజు నుంచి స్పెల్లింగ్ మీద నాకు కోపం పోయింది, పాత ఇంట్లో మూసేసిన తలుపులు చూసినట్టు ఉంటది.

మంచి డిక్షనరీ ఒకటి దగ్గర పెట్టుకోండి, ఫోన్‌లో ఉన్నా చాలు, పలికి వినిపించేది అయితే ఇంకా మంచిది. మనవాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సింది ఇంకోటి ఉంది, సీపీ బ్రౌన్ గారి తెలుగు ఇంగ్లీష్ నిఘంటువులు 1850ల మొదట్లో అచ్చయింది ఇదే ఊళ్ళో, వేపేరిలో. మనం దిగే సెంట్రల్ నుంచి ఎంతో దూరం కాదు. సాయంత్రం ట్రైన్‌కి టైమ్ ఉంటే ఎగ్మోర్‌లో కన్నెమరా లైబ్రరీకి వెళ్ళండి, 1896 నుంచి ఉన్న లైబ్రరీ అది. అక్కడ కూర్చుంటే మాత్రం పైకి చదవలేరు, పైకి చదివే పని ట్రైన్‌కి ఉంచుకోండి.

ట్రైన్‌లో పెన్ను వద్దు, కుదుపుకి గీతలు పడి చుక్కలేవో గీతలేవో తెలీదు, పెన్సిలే తెచ్చుకోండి. పొన్నేరిలో ఎక్కే పూలమ్మే అవ్వ ఒకామె రోజూ నా ఎదురు సీట్లో కూర్చుంటది, నేను బుక్స్ బ్యాగ్జ్ అని గొణుక్కుంటుంటే ఇప్పుడు ఆమె కూడా చివర్లో జ్ అని అందుకుంటది.