విరాళాల కోసం ఫోన్ ఏజెన్సీని పెట్టుకునే ముందు: విశాఖ స్వచ్ఛంద సంస్థలకు ఒక మార్గదర్శిని

విశాఖపట్నంలో చిన్న స్వచ్ఛంద సంస్థలను నిలబెడుతున్నది ఎక్కువగా సామాన్య దాతలే. స్టీల్ ప్లాంటులోనూ పోర్టులోనూ డాక్‌యార్డులోనూ పనిచేసి రిటైరైనవారు, ఉపాధ్యాయులు, ద్వారకానగర్ వ్యాపారులు ఏటా ఐదు వందలో వెయ్యో ఇస్తుంటే ఒక హాస్టలో, ఒక వృద్ధాశ్రమమో, కేజీహెచ్‌కు వచ్చే రోగుల సహాయకులకు భోజనం పెట్టే ఒక సంస్థో నడుస్తున్నది. దాతలు రెండు మూడు వందల మంది ఉన్నంతకాలం కార్యదర్శిగారే తీరిక చేసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మాట్లాడగలుగుతారు. ఆ సంఖ్య వేయి దాటిన తరువాత అది ఒకరి వల్ల అయ్యే పని కాదు. సరిగ్గా ఆ సమయంలోనే ఏదో ఒక టెలికాలింగ్ ఏజెన్సీ వచ్చి, "మీరు పైసా పెట్టుబడి పెట్టనక్కరలేదు, వచ్చినదాంట్లో సగం మాకిస్తే చాలు" అంటుంది. కార్యవర్గానికి ఈ మాట ఎంతో ఊరటగా వినిపిస్తుంది. అయినా ఆ పద్ధతిలో సంతకం చేయవద్దనే నా సలహా. వృత్తిగా ఫోన్ చేసేవారి సహాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు, కాని వారికి చెల్లించేది చేసిన పనికి ఉండాలే తప్ప వచ్చిన విరాళంలో వాటాగా ఉండకూడదు.

వాటా పద్ధతి ఎక్కడికి దారి తీస్తుందో అమెరికా అనుభవం చూపిస్తుంది. అక్కడ ఇల్లినాయ్ రాష్ట్రంలో మాజీ సైనికుల సంస్థ ఒకటి ఫోన్ ద్వారా విరాళాలు సేకరించే కంపెనీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం, వచ్చిన సొమ్ములో 85 శాతం కంపెనీకే పోయేది. తామిచ్చిన డబ్బులో అత్యధిక భాగం సైనికులకే చేరుతుందని దాతలను నమ్మించారన్న ఆరోపణపై దాఖలైన దావా ఆ దేశపు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సేకరణ రుసుము ఇంత శాతానికి మించరాదని చట్టం చేయడం వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని ఆ కోర్టు 1980 నుంచి 1988 వరకు మూడు తీర్పుల్లో చెప్పింది. 2003లో ఈ దావాలో మాత్రం, శాతం ఎంతైనా సరే, డబ్బు ఎక్కడికి పోతుందో దాతకు అబద్ధం చెబితే అది మోసమేనని, దానిపై దావా వేయవచ్చని తేల్చింది. విరాళాల సేకరణను వృత్తిగా చేసేవారి అంతర్జాతీయ సంఘమైన ఏఎఫ్‌పీ కూడా వాటా పద్ధతిలో ప్రతిఫలం తీసుకోవడాన్ని తన నియమావళిలో నిషేధించింది. కారణం స్పష్టంగానే ఉంది. వాటా మీద బతికే కాలర్‌కు ఈ రోజు వచ్చే వెయ్యి రూపాయలే ముఖ్యం. ఆ డబ్బిచ్చిన తల్లి వచ్చే ఏడాది మళ్లీ ఫోన్ ఎత్తుతుందా లేదా అన్నది అతనికి పట్టదు, సంస్థకు మాత్రం అదే ప్రాణం.

లెక్క ముందు, ఒప్పందం తరువాత

ఏజెన్సీలు సాధారణంగా నాలుగు రకాలుగా అడుగుతాయి. ఒక్కో కాలర్‌కు నెలకు ఇంత, గంటకు ఇంత, మాట్లాడిన ఒక్కో దాతకు ఇంత, లేదా వచ్చినదాంట్లో శాతం. మొదటిసారి దిగే సంస్థకు నెల లెక్కన ఇద్దరు కాలర్లను తీసుకోవడం సులువు. దాని ఖర్చు ఎలా ఉంటుందో ఊహాలెక్క ఒకటి వేసి చూద్దాం. ఇందులోని అంకెలు కేవలం ఉదాహరణ కోసమే, ఎవరికి వారు తమ కొటేషన్లు పెట్టి మళ్లీ వేసుకోవాలి.

కాలర్‌కు నెలకు 28,000 రూపాయల చొప్పున ఇద్దరికి 56,000 అనుకుందాం. దానిపై 18 శాతం జీఎస్టీ 10,080. విరాళం మీద జీఎస్టీ వసూలు చేయని సంస్థకు ఈ పన్ను తిరిగి రాదు కనుక ఇది పూర్తిగా ఖర్చే, చాలామంది కోశాధికారులు బడ్జెట్‌లో మరచిపోయేదీ ఇదే. సందేశాలు, రసీదులు, తపాలా కలిపి 6,000. రోజూ కాల్స్ విని సరిచూసే మన మనిషి సమయానికి 8,000. మొత్తం 80,080 రూపాయలు అయింది. పాత దాతలు రెండు వేల మంది జాబితాలో వెయ్యి మంది ఫోన్ ఎత్తారనుకుందాం. వారిలో నూట యాభై మంది సరేనన్నారు, నిజంగా డబ్బు పంపినది వంద మంది. ఫోన్‌లో సరేనన్నవారికీ డబ్బు పంపినవారికీ మధ్య ఉండే ఈ తేడాను ఏజెన్సీ నివేదికలు తరచూ దాటవేస్తాయి, కాబట్టి ఖాతాలో పడిన సొమ్మునే లెక్కలోకి తీసుకోవాలి. ఆ వంద మందిలో డెబ్బై మంది ఒక్కసారి వెయ్యి చొప్పున ఇచ్చారు, ముప్పై మంది నెలకు ఐదు వందలు ఇస్తామన్నారు. మొదటి నెల వచ్చినది 85,000, అంటే ఖర్చు పోగా మిగిలింది ఐదు వేల లోపే.

అక్కడితో ఆగిపోతే కార్యవర్గ సమావేశంలో ఎవరో ఒకరు "ఇంత శ్రమా ఏజెన్సీ కోసమేనా" అని అడుగుతారు, అడగడం న్యాయమే. కాని ముప్పై మంది నెలసరి దాతల్లో పది మంది మూడు నెలలకే మానేసి, ఇరవై మంది ఏడాదంతా కొనసాగినా వారి నుంచి 1,35,000 వస్తుంది. ఒక్కసారి ఇచ్చినవారి 70,000 కలిపితే 2,05,000. రూపాయి సేకరణకు అయిన ఖర్చు ముప్పై తొమ్మిది పైసలకు దిగుతుంది, రెండో ఏట ఆ ఇరవై మంది ఇచ్చేదానికి కొత్త ఖర్చు దాదాపు ఉండదు. సగం వాటా ఒప్పందంలో ఇదే సొమ్ము నుంచి 1,02,500 ఏజెన్సీకి పోతుంది, జీఎస్టీ అదనం. ఆ వాటా నెలసరి విరాళాలకు ఎంతకాలం వర్తిస్తుందో రాసుకోకపోతే రెండో ఏటా పోతూనే ఉంటుంది. వాటా పద్ధతిలో నష్టభయం ఏజెన్సీదే అన్న మాట నిజమే, కాని ఆ భయాన్ని తప్పించుకోవడానికి ఇస్తున్న ధర చాలా ఎక్కువ.

ముక్కూ మొహం తెలియని నంబర్ల జాబితా కొనుక్కుని ఫోన్లు చేయిస్తే మాత్రం ఏ లెక్కా నిలబడదు. అదే వెయ్యి మంది ఎత్తినా పదిహేను మంది ఇస్తే గొప్ప, ఎనభై వేలు పెట్టి పదిహేను వేలు తెచ్చుకున్నట్టు అవుతుంది. పైగా ఆ నంబర్లు వారి సమ్మతి లేకుండా చేతులు మారినవి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు, అవి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. కొన్న జాబితా జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఖర్చు ఎక్కడి నుంచి తేవాలి

మొదటి నెలల ఖర్చును పిల్లల భోజనం కోసమో మందుల కోసమో వచ్చిన విరాళం నుంచి తీయకూడదు. ఫలానా పనికని ఇచ్చిన సొమ్ము ఆ పనికే. సాధారణ నిధి నుంచి ఇంత మొత్తం, ఇన్ని నెలలకు అని కార్యవర్గం ముందుగా తీర్మానం చేసి మినిట్స్‌లో రాయాలి. ఎంత నష్టం వస్తే ఆపేయాలో కూడా ఆ తీర్మానంలోనే ఉండాలి, లేకపోతే "ఇంకొక్క నెల చూద్దాం" అంటూ నిధి కరిగిపోతుంది. ఇంతకంటె మంచి మార్గం ఒకటుంది. సంస్థ బాగు కోరే పెద్ద దాతను ఒకరిని కలిసి, ఈ ప్రచారం ఖర్చు మొత్తం భరించమని అడగడం. ఆయన ఒప్పుకుంటే కాలర్ నిజాయితీగా "మా ఫోన్ల ఖర్చు ఒక దాత భరిస్తున్నారండీ, మీరిచ్చేది పూర్తిగా భోజనాలకే వెళుతుంది" అని చెప్పవచ్చు. ఈ వాక్యం దాతలను కదిలిస్తుంది, అందుకే అది అక్షరాలా నిజమైతేనే స్క్రిప్టులో ఉండాలి.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ సొమ్ము ఒక నిర్దిష్ట ప్రాజెక్టుకు వస్తుంది కనుక దాన్ని ఇటు మళ్లించకూడదు. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద వచ్చిన నిధుల్లో పరిపాలన ఖర్చు 2020 సవరణ తరువాత 20 శాతం మించరాదు. కాబట్టి ఆ ఖాతానూ ఈ ఖర్చుకు ముట్టుకోకుండా ఉండడమే క్షేమం.

లెక్కల పుస్తకంలో విరాళం మొత్తాన్ని ఆదాయంగాను, ఏజెన్సీ రుసుమును ఖర్చుగాను విడివిడిగా చూపాలి. రుసుము పోగా మిగిలినదాన్నే ఆదాయంగా రాస్తే దాతకు ఇచ్చిన రసీదులకూ ఖాతాకూ పొంతన ఉండదు. అందుకే డబ్బు ఒక్క రూపాయి కూడా ఏజెన్సీ చేతుల మీదుగా రాకూడదు. సంస్థ పేరున్న బ్యాంకు ఖాతా, సంస్థ పేరున్న క్యూఆర్ కోడ్ మాత్రమే వాడాలి. ఏజెన్సీ ఇన్‌వాయిస్ పంపుతుంది, మనం టీడీఎస్ మినహాయించి చెల్లిస్తాం. ఏ రేటు వర్తిస్తుందో ఒప్పందం స్వభావాన్ని బట్టి ఆడిటర్ చెబుతారు.

ఫోన్ చేసే పద్ధతి

దానం అడగడం వ్యాపార ప్రచారమా కాదా అన్న వాదనలోకి దిగకుండా, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రచార కాల్స్‌పై పెట్టిన 2018 నిబంధనలు తమకూ వర్తిస్తాయనే సంస్థలు పనిచేయాలి. ఏజెన్సీ, ప్రచార కాల్స్ చేసేవారిని టెలికాం కంపెనీలు నమోదు చేసుకునే డీఎల్‌టీ వేదికలో నమోదై ఉందో లేదో చూడాలి. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే వెళ్లాలి. కాలర్ల సొంత సిమ్‌లతో పని కానిచ్చే ఏజెన్సీని ఎంత చవకైనా దూరంగా పెట్టాలి, ఎందుకంటే నమోదు కాని నంబరుపై పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చర్యలు తీసుకునేలా 2025 ఫిబ్రవరిలో నిబంధనలను బిగించారు. 1909 నంబరు ద్వారా ప్రచార కాల్స్ వద్దని డీఎన్‌డీ పెట్టుకున్నవారి సంగతి జాబితాను ముందే వడగట్టి చూసుకోవాలి.

140 నంబరు చూడగానే చాలామంది ఎత్తరు. పైగా డిజిటల్ అరెస్టు మోసాల వార్తలు చదివిన పెద్దవారు తెలియని గొంతు వినగానే భయపడుతున్నారు, వారి భయం సహేతుకమైనదే. అందుకని రెండు రోజుల ముందే కార్యదర్శి పేరుతో, దాతకు అలవాటైన సంస్థ నంబరు నుంచి "ఫలానా తేదీల్లో మా తరఫున ఫోన్ వస్తుంది, ఓటీపీ గాని కార్డు వివరాలు గాని అడగరు" అని సందేశం పంపాలి. వేళ విషయంలో చట్టం కంటె మర్యాద ఎక్కువ పాటించాలి. ఎంవీపీ కాలనీలోనో ఉక్కునగరంలోనో ఉండే రిటైరైనవారు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా నడుం వాలుస్తారు, ఎండాకాలంలో మరీను. ఉదయం పదిన్నర నుంచి పన్నెండున్నర, సాయంత్రం ఐదు నుంచి ఏడు మంచి వేళలు.

మొదటి మాటలు ఇలా ఉండవచ్చు: "నమస్కారమండీ, సుబ్బారావుగారేనా? నేను మీరు నిరుడు విరాళమిచ్చిన ట్రస్టు తరఫున మాట్లాడుతున్నాను. నేను ఆ ట్రస్టు పని చేసిపెట్టే ఏజెన్సీ ఉద్యోగినండీ. రెండు నిమిషాలు మాట్లాడవచ్చా?" ఏజెన్సీ ఉద్యోగినని చెప్పే ఆ వాక్యాన్ని తీసేయమని ఏజెన్సీలు అడుగుతాయి, ఒప్పుకోకూడదు. తరువాత అడగడానికి ముందు కృతజ్ఞత చెప్పాలి. నిరుడు ఆయన ఇచ్చినది దేనికి ఖర్చయిందో ఒక్క వాక్యంలో చెప్పాలి, అప్పుడే కొత్త మొత్తం అడగాలి. ఆయన "ఇప్పుడు కుదరదమ్మా" అంటే ఒక్కసారి తక్కువ మొత్తం సూచించవచ్చు, రెండోసారి కాదంటే నమస్కారం చెప్పి పెట్టేయాలి. "ఇంక ఫోన్ చేయకండి" అంటే ఆ రోజే ఆ పేరు జాబితాలోంచి తీసేయాలి. ఆయన పోయారని ఇంట్లోవారు చెబితే సానుభూతి తెలిపి, మన కార్యదర్శికి ఆ సంగతి చేరవేయాలి తప్ప ఆ ఇంట ఇంకేమీ అడగకూడదు.

పన్ను మినహాయింపు గురించి కాలర్లు ఎక్కువ చెప్పేస్తుంటారు. ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 80జీ కింద ఇలాంటి సంస్థలకు ఇచ్చినదాంట్లో సాధారణంగా సగానికే మినహాయింపు, దానికీ పరిమితి ఉంది. రెండు వేలు దాటిన నగదుకు అదీ లేదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలే వర్తించదు. "మొత్తం పన్ను మినహాయింపు" అన్న మాట స్క్రిప్టులో ఎక్కడా ఉండకూడదు. దాత పేరు, చిరునామా, పాన్ సంస్థ పంపే లింకు ద్వారా తీసుకోవాలి. ఏటా మే 31లోగా విరాళాల వివరాలతో ఫారం 10బీడీ దాఖలు చేసి దాతకు 10బీఈ ధ్రువపత్రం ఇవ్వాలి, ఆలస్యానికి రోజుకు 200 రూపాయల రుసుము ఉంది. ఈ సెక్షన్లు, ఫారాల నంబర్లు 1961 చట్టానివి. 2025 నాటి ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కనుక కొత్త నంబర్లను ఆడిటర్‌తో సరిచూసుకోవాలి.

మన ఊళ్లో ప్రత్యేకంగా ఎదురయ్యే సంగతి ఒకటుంది. "మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, వాడు పంపిస్తాడు" అని తల్లిదండ్రులు ఆప్యాయంగా అంటారు. ఆ అబ్బాయి ఇంకా భారత పౌరుడే అయితే తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో ఉంటే మాత్రం అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. కాలర్ అక్కడ "సరేనండీ" అనకుండా, సంస్థవారే మీకు ఫోన్ చేస్తారని చెప్పి వివరం రాసుకోవాలి.

నెలసరి విరాళం దాత ఖాతా నుంచి దానంతటదే వచ్చేలా యూపీఐ ఆటోపే గాని బ్యాంకు నాచ్ మాండేట్ గాని పెట్టించవచ్చు. దాత ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎలా ఆపుకోవచ్చో మొదటి రోజే సందేశంలో పంపాలి.

సంతకం పెట్టే కాగితంలో రుసుము, కాలవ్యవధి, పదిహేను రోజుల నోటీసుతో రద్దు చేసుకునే హక్కు, ప్రతి కాల్ రికార్డింగును మనం వినగలిగే హక్కు ఉండాలి. దాతల జాబితా సంస్థదేనని, ఏజెన్సీ దాన్ని ఇంకొక ప్రచారానికి వాడరాదని, ఒప్పందం ముగిసిన ఏడు రోజుల్లో తమ దగ్గరి ప్రతులన్నీ చెరిపేసి ఆ మేరకు రాతపూర్వకంగా ఇవ్వాలని ఉండాలి. ఆ జాబితాలో సంస్థవారి ఫోన్ నంబర్లు రెండు మూడు వేరే పేర్లతో ముందే కలిపి ఉంచితే, తరువాతి నెలల్లో వాటికి ఎవరి నుంచి ఫోన్ వచ్చినా జాబితా ఎక్కడికి చేరిందో తెలిసిపోతుంది.