గంగోత్రి హిమానీనదం హద్దులు సరిచేసిన నా అనుభవం

పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన నాకు మంచు అంటే తెల్లవారుజామున పొలాల మీద పరుచుకునే పొగమంచే. అయినా ప్రాజెక్టు కోసం గంగోత్రి హిమానీనదాల హద్దులు క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో సరిచేయాల్సి వచ్చింది.

పక్కపక్క పాలిగాన్ల (హద్దు గీతతో మూసిన ఆకారాల) మధ్య సన్నటి చీలికలున్నాయి. విస్తీర్ణం లెక్క ఎంతకీ కుదరలేదు. ముందు, చెడిన ఆకారాలను సరిచేయడానికి జీరో బఫర్ (సున్నా దూరంతో హద్దును మళ్లీ గీయించే చిట్కా) వాడాను. 8 అంకెలా మెలిపడ్డ ఒక పాలిగాన్‌లో సగం మాయమైంది. ఇది చాలా ప్రమాదం, ఎందుకంటే ఎర్రర్ ఏమీ రాదు, లెక్కలో మంచు మాత్రం తగ్గిపోతుంది. ఫిక్స్ జియోమెట్రీస్ అనే టూల్ వాడితే రెండు ముక్కలూ దక్కాయి.

చీలికల కోసం వి.క్లీన్ అనే టూల్‌లో స్నాప్ (ఎంత దూరంలోపు బిందువులను అతికించాలో చెప్పే అంకె) 10 ఇచ్చాను, మీటర్లనుకుని. హద్దులున్న లేయరేమో అక్షాంశ రేఖాంశాల్లో ఉంది, అంటే 10 డిగ్రీలు! అంతా ముద్దయిపోయింది. లేయర్‌ని మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర జోన్‌కి (కోడ్ ఈపీఎస్‌జీ 32644) మార్చి మళ్లీ 10 ఇస్తే చాలావరకు మూసుకున్నాయి. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల పిక్సెలే 10 మీటర్లు కాబట్టి అంతకు మించి ఇవ్వకండి.

హిమానీనదం కొస అయిన గోముఖ్ వైపు మాత్రం చేత్తోనే గీయాలి. అక్కడ మంచును రాళ్లూ మట్టీ కప్పేసి ఉంటాయి, ఉపగ్రహ చిత్రం నుంచి కంప్యూటర్ గీసే ఆటోమేటిక్ గీత దాన్ని నేలనుకుని వదిలేస్తుంది. హిల్‌షేడ్ (నేల ఎత్తుపల్లాలను వెలుగునీడల్లో చూపే చిత్రం) పరిచి రెండు రాత్రులు గీశాను. మా చిన్నాన్న తెరలోకి వంగి చూసి, "ఏట్రా, ఈ రాళ్ల కింద మంచుందా?" అన్నాడు. ఉందని అంచు వెంబడి వేలు పెట్టి చూపించాను.