మొక్కజొన్నను చదవడం – 3వ పాఠం: పీచు చెప్పే లెక్క

కిందటి పాఠంలో వేళ్ల గురించి చెప్పుకున్నాం. ఈసారి ఆకు, పీచు. ఈ రెండింటినీ చూడటం వస్తే బెట్ట ఎంత ముదిరిందో మీకే తెలిసిపోతుంది.

మిట్టమధ్యాహ్నం చేలోకి వెళ్తే ఆకులు గొట్టాల్లా చుట్టుకుని ఉంటాయి. చూడగానే టెన్షన్ పడతాం. కానీ మొక్క తనను తాను కాపాడుకునే పద్ధతి అది. ఆకు పైవైపున నీళ్లతో ఉబ్బి ఉండే పెద్ద కణాలుంటాయి. వాటిలో నీరు తగ్గగానే ఆకు లోపలికి చుట్టుకుంటుంది. ఎండ తగిలే చోటు తగ్గుతుంది, నీరు ఆవిరవడమూ తగ్గుతుంది. అందుకే మీరు గమనించాల్సింది వేళ. సాయంత్రానికి ఆకు విచ్చుకుంటే మొక్క ఇంకా తట్టుకుంటున్నట్టే. తెల్లవారి ఎండ ఎక్కకముందే చుట్టుకుని ఉందంటే, రాత్రంతా గడిచినా వేళ్లకు నీరు చాలలేదన్నమాట.

మోకాలెత్తు పైరు ఈ బాధను చాలావరకు ఓర్చుకుని, వాన పడగానే తేరుకుంటుంది. పూత మీదున్న పైరుకు ఆ ఓపిక లేదు. ఎందుకో చూడండి. మగపూత అయిన జల్లు మొక్క కొసన, ఆడపూత అయిన కండె నడుమన ఉంటాయి. కండెలోని ఒక్కో పీచు ఒక్కో గింజకు దారి. పీచు సాగాలంటే నీరు కావాలి. బెట్ట వస్తే జల్లు దాదాపు తన వేళకే విచ్చుకుంటుంది, పీచు మాత్రం ఆలస్యమవుతుంది. అది బయటికొచ్చేసరికి పుప్పొడి అయిపోతే ఆ గింజ ఇక పట్టదు. కండె మొదట్లోని పీచు ముందు వస్తుంది, కొసది ఆఖరున. చాలా కండెలకు కొసన గింజలు లేకపోవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు అసలు పని. పుప్పొడి రాలడం పూర్తయ్యాక, రెండు మూడు రోజులాగి ఒక కండె కోయండి. చాకుతో పొరల్ని నిలువునా గీసి, ఒక్కొక్కటే మెల్లగా విప్పండి. మొదట్లో నేను పొరల్ని ఒక్క లాగున లాగేసేవాణ్ణి. వాటితో పాటే పీచు తెగి లెక్కంతా తప్పేది. పొరలు విప్పాక కండెను మెల్లగా ఊపండి. గింజ పట్టిన చోట పీచు దానంతటదే రాలిపోతుంది. పట్టని చోట అంటుకునే ఉంటుంది. ఊపాక మిగిలిన పీచు చూస్తే ఎన్ని గింజలు పోయాయో కళ్లకు కడుతుంది. ఒక్క కండెతో తీర్పు చెప్పకండి, చేలో నాలుగు మూలలా చూడండి.

ఒక్క తడికే నీళ్లుంటే దాన్ని జల్లు, పీచు వచ్చే రోజులకే దాచమంటాను. అలాగని నీరు నిలవనివ్వకండి. వేళ్లకు గాలి అందకపోతే నేల తడిగా ఉన్నా మొక్క వాడుతుంది.

పూత తర్వాత కూడా బెట్ట, వేడి సాగితే మసికుళ్ళు తెగులు వస్తుంది. పడిపోయిన మొక్క కాండాన్ని చీల్చి చూడండి. లోపలి నారల మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలుంటే అదే.

వచ్చే పాఠం ఆకుమచ్చల తెగుళ్ల మీద. ఈలోగా పది మొక్కలకు గుర్తుగా దారం కట్టండి. ఒక్కోదానికి జల్లు పుప్పొడి రాల్చడం మొదలైన తేదీ, పీచు బయటపడిన తేదీ పక్కపక్కనే రాసి పెట్టుకోండి.