అడవినాభి మొలవలేదా? ముందు దుంప కొన చూడండి

తొలకరి పడి నెల దాటినా కుండీలో అడవినాభి అనే పూల తీగ జాడ లేదంటే చాలామంది నీళ్లు పెంచుతారు, ఆపైన ఎరువు వేస్తారు. రెండూ ఆపి, గ్లౌజులు తొడుక్కుని, మట్టి మెల్లగా తొలగించి దుంపను చూడండి. దుంపలో కొల్చిసిన్ అనే విషం ఉంటుంది, పిల్లలకు అందనివ్వకండి.

దుంప మెత్తబడి కంపు కొడితే కుళ్లిందన్నమాట. పొదల అడవుల్లో, చేల కంచెల్లో ఈ తీగ వానలకు లేచి, పూసి, ఎండిపోయి, పొడి నెలలన్నీ మట్టిలో నిద్రపోతుంది. ఆ నిద్రలో నీళ్లు పోస్తే కుళ్లక ఏం చేస్తుంది? తీగ ఎండగానే కుండీని వాన తగలని మూలకు చేర్చి, మళ్లీ తొలకరి దాకా వదిలేయండి.

దుంప గట్టిగా, తెల్లగా ఉండి కూడా మొలవకపోతే? నన్ను రెండేళ్లు ఏడిపించింది ఇదే. మొదటి ఏడు దుంపను అల్లంలా నాలుగు ముక్కలు కోసి పాతాను. చివరి రెండూ లేచాయి. నడిమి రెండూ వినాయక చవితి దాటినా రాయిలా ఉన్నాయి, మొలక మాత్రం లేదు. ఈ దుంపకు బంగాళాదుంపలా ఒంటినిండా కళ్లుండవు. నాగలిలా వంగిన రెండు కొమ్ములకూ చెరొక కొనలో ఒక్కో మొగ్గ, అంతే. అది విరిగితే ఆ కొమ్ము పని అయిపోయినట్టే. మరుసటి ఏడు, మొలిచిందేమోనని పుల్లతో పొడిచి చూసి ఉన్న మొగ్గనూ నేనే విరిచాను.

ఒక కొన మిగిలినా చాలు, రెండంగుళాల లోతున అడ్డంగా పడుకోబెట్టండి. రెండూ పోతే పారేయడమే. కొనేటప్పుడు దుంప లావు కాదు, కొన చూడండి. అడవిలో తవ్వి తేకండి, నర్సరీలో దొరుకుతుంది.

ఆకులు మాయమైతే నల్లటి ఒంటిపై ఎర్ర, తెల్ల మచ్చలున్న పురుగుల పని, ఏరేయండి. పూసినా కాయ పట్టకపోతే కుంచెతో పుప్పొడి అద్దండి. పువ్వులో పుప్పొడిని అందుకునే కొన, కీలాగ్రం, పక్కకు వంగి ఉంటుంది కాబట్టి పుప్పొడి దానంతట అది అందదు.

తీగ నేల మీద పడిపోతోందా? ఆకు కొనే మెలితిరిగి నులితీగలా పట్టుకుంటుంది, లావు వెదురు దానికి అందదు. నేను ఎండు రేగుకంప గుచ్చాను, వారంలో పైదాకా పాకింది.